హెచ్చరిక: నోటీసు వచ్చేసింది, మీరే చూడలేదు

బేగం బజార్ సేట్లు, ఫీల్‌ఖానా, సిద్ది అంబర్ బజార్ దుకాణదారులు, వారి గుమాస్తాలు ఈ నాలుగు మాటలు ఇవాళే చదవాలి. మీ వ్యాపారాన్ని ఆపేయగల నోటీసు మీకు తెలియకుండానే మీకు అందిపోయి ఉండవచ్చు. జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిచ్చిన మెయిల్‌కు పంపినా, పోర్టల్‌లో పెట్టినా నోటీసు అందినట్టే లెక్క. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టు ఉత్తరం వస్తుందనో, నాంపల్లి పన్నుల ఆఫీసు నుంచి మనిషి వచ్చి సంతకం పెట్టించుకుంటాడనో కూర్చుంటే గడువు దాటిపోతుంది.

ఆ గడువులు కూడా చిన్నవి. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదని అడిగే ఆర్ఈజీ-17 నోటీసుకు 7 పనిదినాల్లో జవాబివ్వాలి. రిటర్నుల్లో తేడా చూపించే ఏఎస్ఎంటీ-10కు మామూలుగా 30 రోజులు. ఆర్డరే వచ్చేస్తే అప్పీలుకు 3 నెలలు, గట్టి కారణం చూపిస్తే ఇంకో నెల. ఆ తర్వాత హైకోర్టు మెట్లెక్కాల్సిందే. మెయిల్ చూసుకోలేదన్న వాళ్లను కొన్ని కేసుల్లో కోర్టులు కనికరించిన మాట నిజమే. అందరినీ కనికరిస్తాయన్న భరోసా లేదు, వకీలు ఫీజు మాత్రం ఎలాగూ తప్పదు.

రిజిస్ట్రేషన్ ఆగితే ఏమవుతుందో ఈ బజారుకు వేరే చెప్పాలా? పన్ను బిల్లు కొట్టలేరు. ఈ-వే బిల్లు పుట్టదు. బిల్టీ రాయించిన స్టీలు గిన్నెల మూటలు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనే పడి ఉంటాయి. కరీంనగర్ నుంచి వచ్చే గిరాకీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కనుక అతను పక్క దుకాణం మెట్లెక్కుతాడు.

ఇంత జరగడానికి మూలం తెరచి చూడని మెయిలే. గల్లా మీదున్న ఫోన్ తెరవండి: బ్యాంకు లోన్ ఆఫర్లు, బీమా వాళ్ల పిలుపులు, డ్రైఫ్రూట్ రేట్లు, ప్లాస్టిక్ సామాను కేటలాగులు, వేలకొద్దీ చదవనివి. వాటి అడుగున ఎక్కడో జీఎస్టీ మెయిల్. కొందరికైతే అది కూడా ఉండదు. 2017లో వ్యాట్ నుంచి జీఎస్టీకి మారిన హడావుడిలో కన్సల్టెంట్లు తమ మెయిలే, తమ నంబరే రాసేసిన దుకాణాలు ఉన్నాయి. ఉద్దెర బాకీలు పదేళ్లయినా నోటికి చెప్పే సేటు, తన మెయిల్ పాస్‌వర్డ్ కోసం కన్సల్టెంట్ దగ్గరి కుర్రాణ్ని అడుగుతాడు!

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. ఉచిత జీమెయిల్‌కు ఉన్నది 15 జీబీ. మెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. సరుకు ఫొటోలతో అది నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకే తిరిగిపోతుంది. స్పామ్‌లో పడ్డది 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది.

ఈ గందరగోళం దొంగలకూ పండగే. ఎప్పటినుంచో సరుకు పంపే కంపెనీ పేరుతో, అడ్రసులో ఒక్క అక్షరం మార్చి, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి’ అని మెయిల్ వస్తుంది. పని ఒత్తిడిలో గుమాస్తా ఆర్టీజీఎస్ కొట్టేస్తాడు. ఖాతా మారిందన్న మెయిల్ ఏదొచ్చినా, అందులో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి చెప్పాలి. పరువు పోతుందని మర్నాటిదాకా దాస్తే ఆ సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది. నోటీసు పేరుతో వచ్చే మెయిళ్లలోనూ నకిలీలు ఉంటాయి కనుక లింకు నొక్కకుండా, మీరే పోర్టల్‌లోకి వెళ్లి చూసుకోవాలి.

మెయిల్‌ను రోజంతా పట్టుకుని కూర్చోమని ఎవరూ అనడం లేదు, అలా కూర్చుంటే గిరాకీ పోతుంది. పొద్దున కాటా మొదలయ్యే ముందు ఒకసారి, రాత్రి షట్టర్ దించే ముందు ఒకసారి చాలు. వ్యాపారానికి వేరే మెయిల్ పెట్టుకోండి, పిల్లల ఆటలకూ సినిమా టికెట్లకూ దాన్ని వాడనివ్వకండి. జీఎస్టీ, ఆదాయపు పన్ను, బ్యాంకు మెయిళ్లు ఒక లేబుల్ కిందికి వచ్చేలా, స్పామ్‌లోకి పోకుండా ఫిల్టర్ పెట్టించండి. అక్కర్లేని ఆఫర్లను అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. రెండంచెల భద్రత పెట్టి ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా చూసుకోండి. మెయిల్ ఖాళీగా ఉన్నా వారానికోసారి పోర్టల్‌లో నోటీసుల పేజీ తెరవండి.

ఈ రాత్రి గల్లా మూసే ముందు జీఎస్టీ పోర్టల్‌లో మీ దుకాణం పేరు మీద ఎవరి మెయిల్, ఎవరి నంబరు ఉన్నాయో చూడండి. మీవి కాకపోతే నాన్‌కోర్ సవరణ కింద మార్చుకోవచ్చు, దానికి అధికారి ఆమోదం అక్కర్లేదు. పాస్‌వర్డ్ కూడా మీ చేతిలో లేకపోతే రేపు పొద్దున్నే కాగితాలు పట్టుకుని మీ సర్కిల్ ఆఫీసుకు వెళ్లండి.