గడ్డ దగ్గరికే మందు



పక్షవాతంలో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. నాళాన్ని మూసే రక్తపు గడ్డను కరిగించే టీపీఏ మందును పక్షవాతానికి వాడేందుకు అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. అయితే సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఎక్కించాలి. రక్తస్రావం భయమూ ఉంది. మందు గడ్డ దగ్గర మాత్రమే పనిచేస్తే? ఈ సంచిక రచనలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

జవాబును శాస్త్రవేత్తలు మన రక్తకణాల్లోనే వెతుకుతున్నారు. మమ్మల్ని బాగా ఆకట్టుకున్నది 2012లో హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్ బృందం చూపిన పద్ధతి. టీపీఏ పూసిన నానో రేణువులను ప్లేట్‌లెట్ అనే రక్తకణమంత ఉండగా చేశారు. మామూలు నాళంలో ఉండ చెక్కుచెదరదు. గడ్డతో ఇరుకైన చోట రక్తం ఒరిపిడికి విడిపోతుంది, రేణువులు గడ్డకు అతుక్కుంటాయి. చిట్టెలుకల్లో మామూలు మోతాదు కంటే చాలా తక్కువే సరిపోయింది. 2015లో శాన్ డియెగో శాస్త్రవేత్తలు ఏకంగా ప్లేట్‌లెట్ పొరనే రేణువులకు తొడిగారు.

అయితే హార్వర్డ్ బృందం చిట్టెలుకల్లో గడ్డలు మెదడులోవి కావు. కాబట్టి ఆశ ఉంది, తొందర వద్దు అన్నదే మా మాట. అందాకా ఒక్క మనవి: ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.