తెలుసుకుందాం: దురద రాత్రిపూట ఎందుకు పెరుగుతుంది?

"మా చెల్లెలికి ఏడేళ్ళు. దానికి మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనుక ఎర్రగా చర్మం లేచి దురద పెడుతుంది. పగలు కొంత నయం. దీపం ఆర్పగానే మొదలు! రాత్రంతా బరుకుతూనే ఉంటుంది. బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోవటం లేదు. రాత్రే ఎందుకు ఎక్కువ? అది అంటుకుంటుందా?" అని ఒక పాఠకుడు అడుగుతున్నాడు.

ముందుగా, అసలు దురద అంటే ఏమిటో చూద్దాం. 1660లో శామ్యూల్ హాఫెన్‌రెఫర్ అనే జర్మను వైద్యుడు, గోక్కోవాలనిపించే చికాకే దురద అని నిర్వచించాడు. ఇంతకంటె మంచి నిర్వచనం ఈనాటికీ లేదు. (ఇది చదువుతూ ఉంటే మీలో కొందరికి ఎక్కడో జిల పుట్టే ఉంటుంది. దురద మాట వింటేనే దురద పుడుతుంది!)

దోమ కుట్టిందనుకోండి. దాని ఉమ్మి చర్మంలోకి దిగగానే అక్కడ కాపలా ఉన్న కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది సన్నని నరాల కొసలను రేపుతుంది. ఆ వార్త వెన్నుపాము గుండా మెదడుకు పోతుంది. చేతిమీద ఈగ వాలిన సంగతి నరాల వెంట సెకనుకు సుమారు 50 మీటర్ల చొప్పున పరుగెత్తితే, ఈ దురద వార్త అర మీటరు చొప్పున నడుస్తుంది. దురద అంటే చిన్నపాటి నొప్పేనని చాలాకాలం అనుకున్నారు. కాని, దురద కోసమే ప్రత్యేకంగా నరాలున్నవని 1997లో శాస్త్రజ్ఞులు మనుషుల చర్మంలోనే కనిపెట్టారు.

గోకితే హాయిగా ఎందుకుంటుంది? గోరు గీసినప్పుడు కొంచెం నొప్పి కలుగుతుంది గదా! ఆ నొప్పి వెన్నుపాములో దురద వార్తను అణచివేస్తుంది. కాని ఆ హాయి ఎంతసేపు? గోరు తగిలి చర్మం చిట్లితే అక్కడి కణాలు మరికొన్ని పదార్థాలను వదులుతాయి. మళ్ళీ దురద, మళ్ళీ గోకుడు! గానుగెద్దు తిరిగినట్లు అది అక్కడే తిరుగుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆ గుర్తులను బట్టి అది ఎగ్జిమా కావచ్చును, నిర్ణయించవలసినది డాక్టరే. మన చర్మపు పై పొర ఇటుకగోడ వంటిది. కణాలు ఇటుకలు, వాటి నడుమ ఉండే జిడ్డు సున్నం. ఎగ్జిమా వచ్చే పిల్లల్లో ఈ గోడ బలంగా ఉండదు. లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు లోపలికి దిగుతాయి. గోడకు బలమిచ్చే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు కొందరిలో పుట్టుకతోనే లోపిస్తుందనీ, అట్టివారికి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందనీ 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తేల్చారు. నెత్తురు చెడటం వల్ల వచ్చిందనే పెద్దల మాట సరికాదు. ఇది అంటువ్యాధి కానే కాదు. ఆ అమ్మాయి పక్కన కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకుని ఆడుకోవచ్చు.

రాత్రి ఎక్కువ కావటానికి కారణాలు ఒకటి కాదు. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే రసాన్ని తయారు చేస్తాయి. చర్మపు మంటను చల్లార్చే ఈ రసం తెల్లవారేసరికి బాగా పెరిగి, నడిరాత్రికి తగ్గిపోతుంది. నిద్రపట్టే వేళకు చర్మం వెచ్చబడుతుంది. వెచ్చదనం దురదకు నేస్తం. చర్మంలోంచి తడి పోవటం కూడా రాత్రే హెచ్చు. వీటికి తోడు పగటిపూట ఉండే ఆటపాటలు అప్పుడుండవు. చీకట్లో పడుకున్న పిల్లకు దురద తప్ప తోచేదేమిటి?

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఈ పిల్లలు పక్కమీద అంతసేపూ ఉంటారు గాని, నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. చీకట్లో చిత్రాలు తీసే కెమేరాలతో పరిశోధకులు గమనిస్తే, పలచని నిద్రలో పిల్లలు తమకు తెలియకుండానే గోక్కుంటున్నారు. కనుక "గోక్కోకు!" అని కేకలేసి లాభం లేదు. ఉన్న కాస్త నిద్రా చెడుతుంది. మర్నాడు బడిలో లెక్క తప్పుతుంది, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. పక్కనే పడుకున్న తల్లికీ నిద్ర లేదు. తరగతిలో కునికే పిల్లను సోమరి అని గోడకుర్చీ వేయించే ముందు, మాస్టరుగారు ఆ పిల్ల మోచేతి మడత ఒకసారి చూస్తే బాగుండును.

చేయవలసింది గోడకు మెత్తటం! గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం, ఒళ్ళు మెల్లగా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసెలిన్ పూయటం. సున్నిపిండితో రుద్దరాదు. గొంగళి మీద గాక మెత్తని నూలు దుప్పటి మీద పడుకోవాలి. గోళ్ళు పొట్టిగా ఉండాలి. దురద రేగినప్పుడు చల్లని తడిగుడ్డ అద్దితే మేలు. మంట ఎక్కువైతే డాక్టరు ఆయింటుమెంటు ఇస్తారు. "గజ్జికీ తామరకూ అన్నిటికీ ఇదే" అని మందులషాపులో ఇచ్చేదాన్ని మాత్రం పూయకండి. అట్టివాటిలో తరచు ఘాటైన స్టిరాయిడు ఉంటుంది. ఇష్టం వచ్చినట్లు వాడితే చర్మం పలచబడిపోతుంది.

గజ్జి సంగతి వేరు. అదీ రాత్రే ఎక్కువ, అది నిజంగా అంటుకుంటుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ లేస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒక్కసారే గోక్కుంటుంటే దాన్ని అనుమానించాలి. దీనికి కారణమైన, అర మిల్లీమీటరు కూడా లేని పురుగును ఇటలీ వైద్యుడు బొనోమో సూక్ష్మదర్శినిలో చూచి 1687లో వర్ణించాడు. డాక్టరు ఇచ్చిన మందును ఇంటిల్లిపాదీ, దురద లేనివారు సైతం, ఒకే రోజున పూసుకోవాలి. ఆయన చెప్పిన నాటికి రెండోసారి పూయాలి. పురుగులు చచ్చిన తరువాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదని రోజూ పూస్తే చర్మం మండి దురద ఇంకా పెరుగుతుంది.