ముందు మీరెవరో చెప్పండి



“పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు” అన్న మాట ఈ రోజుల్లో మూడో తరగతి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మంచిదే. కానీ అది సగం పాఠమే. ఆ పాస్‌వర్డ్ అడుగుతున్నది ఎవరో ముందు తేల్చుకోవాలన్నది మిగతా సగం. దాన్ని మనం ఇంట్లోనూ నేర్పడం లేదు, బడిలోనూ గట్టిగా నేర్పడం లేదు. ఈ నెల మీతో పంచుకోవాలనుకున్నది ఆ రెండో సగం గురించే.

ఇంగ్లిష్ మీడియం టీచర్‌కు ఈ కంప్యూటర్ సంగతులు ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. సిద్దిపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో ఫోన్‌లో వచ్చే ఇంగ్లిష్ చదివి చెప్పేది మన విద్యార్థులే. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చినా, కరెంటు బిల్లు కట్టాలన్నా, ఏదైనా ఫారం నింపాలన్నా “ఏం రాసిందో చూడు బిడ్డా” అని ఫోన్ వాళ్ల చేతికే ఇస్తాం. అంటే ఇంటి డబ్బు తలుపు దగ్గర కాపలా కూర్చున్నది పన్నెండేళ్ల పిల్లలు. కాపలా పెట్టినప్పుడు, వచ్చినవాళ్లను ఏమని అడగాలో కూడా మనమే నేర్పాలి కదా.

రుజువు రెండు వైపులా ఉండాలి

మీరు ఫోన్‌లో బ్యాంకు వెబ్‌సైట్ తెరిచారనుకోండి. మీ ఫోన్ ఎక్కడో ఉన్న సర్వర్ అనే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. మీరు మీరేనని నమ్మడానికి ఆ సర్వర్ మిమ్మల్ని పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది మన వైపు రుజువు. దీని గురించి అందరికీ తెలుసు.

మరి ఆ సర్వర్ నిజంగా బ్యాంకుదేనని మీ ఫోన్‌కు ఎలా తెలుస్తుంది? దానికి ఉన్నదే సర్టిఫికెట్. దీన్ని ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ అంటారు. ఎస్ఎస్ఎల్ అనేది 1990లలో నెట్‌స్కేప్ కంపెనీ తయారుచేసిన పద్ధతి. 1999 నుంచి దాని స్థానంలో టీఎల్ఎస్ వచ్చింది, కానీ జనం నోట పాత పేరే నిలిచిపోయింది. సర్టిఫికెట్‌లో వెబ్‌సైట్ పేరు, దాని డిజిటల్ తాళానికి సంబంధించిన వివరం, జారీ చేసిన సంస్థ పేరు, గడువు తేదీ ఉంటాయి. ఏ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లను నమ్మాలో మీ ఫోన్‌లో, బ్రౌజర్‌లో ముందే ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితాతో సరిచూసుకున్నాకే బ్రౌజర్ ముందుకు వెళుతుంది.

ఇక్కడ వరుస గమనించండి. సర్వర్ ముందు తన సర్టిఫికెట్ చూపాలి. ఆ సర్టిఫికెట్ తనదేనని రుజువు చేసుకోవాలి. ఇద్దరి మధ్య మాట మూడో మనిషికి వినపడకుండా దారి మూసుకోవాలి. ఇవన్నీ అయ్యాకే మన పాస్‌వర్డ్ బయల్దేరుతుంది. ముందు వాళ్లు, తర్వాత మనం. ఇంటర్నెట్‌ను కట్టినవాళ్లు పెట్టిన మర్యాద ఇది. ఈ మర్యాదను కంప్యూటర్లు పాటిస్తున్నాయి, మనుషులమే మరచిపోతున్నాం. ఫోన్ చేసి “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి” అనగానే చెప్పేస్తున్నాం. “మీరెవరో ముందు రుజువు చేయండి” అని అడగడం లేదు.

తాళం గుర్తు చెప్పేదెంత?

వెబ్ చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ మంచిదని చాలామంది నమ్మకం. పిల్లలకు కూడా అలాగే చెబుతుంటారు. ఇది సరిదిద్దుకోవలసిన నమ్మకం. 2015 నుంచి సర్టిఫికెట్లు ఉచితంగా, కొన్ని నిమిషాల్లోనే దొరుకుతున్నాయి. చిన్న వెబ్‌సైట్లకు అది గొప్ప మేలు. అయితే మోసగాడు కూడా తను కొనుక్కున్న పేరుకు సర్టిఫికెట్ తెచ్చుకోగలడు. అప్పుడు అతని సైట్‌కు కూడా తాళం గుర్తు వస్తుంది. తాళం చెప్పేది ఒక్కటే: పైన రాసి ఉన్న పేరు ఏదో ఆ పేరుగల సర్వర్‌తోనే మాట్లాడుతున్నారు, మధ్యలో ఎవరూ వినడం లేదు అని. ఆ పేరు మీ బ్యాంకుదో కాదో చూసుకోవడం మీ పని. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో తన క్రోమ్ బ్రౌజర్ నుంచి తాళం బొమ్మనే తీసేసింది.

మన సిద్దిపేట గొల్లభామ చీరను తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. చీర ఎక్కడిదో ఆ గుర్తింపు చెబుతుంది. అంగడిలో అమ్మే మనిషి నిజాయితీ గురించి అది ఏమీ చెప్పదు. సర్టిఫికెట్ కూడా అంతే.

అందుకే పేరు చదవడం నేర్పాలి. ఇందులో మన హైదరాబాద్ చేసిన మంచి పని ఒకటి ఉంది. బ్యాంకులకు మాత్రమే దొరికే ప్రత్యేక చిరునామా ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అదే ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు అప్పగించింది. రిజర్వ్ బ్యాంకే 1996లో స్థాపించిన పరిశోధన సంస్థ ఇది. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ ఈ చిరునామాకు మారాలని గడువు పెట్టారు. ప్రభుత్వ సైట్లకు ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ఎలాగో, బ్యాంకులకు ఇది అలాగన్నమాట.

మీ పిల్లలకు ఈ ఒక్క చిట్కా చెప్పండి. చిరునామా మొదట్లో జంట అడ్డగీతలు ఉంటే వాటిని వదిలేసి, ఆ తర్వాత మొదటి అడ్డగీత వచ్చేదాకా చదివి, ఆ గీతకు ముందున్న చివరి మాటలు చూడాలి. అసలు యజమాని ఎవరో అక్కడే తెలుస్తుంది. మొదట్లో బ్యాంకు పేరుండి, ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ కూడా ఉండి, ఆ తర్వాత మళ్లీ చుక్క పెట్టి ఇంకేదో పేరు ఉంటే అది బ్యాంకు కాదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దిద్దే పిల్లలు ఇది చక్కగా పట్టుకోగలరు.

హెచ్చరికను దాటేయకండి

ఒక్కోసారి సర్టిఫికెట్ గడువు దాటి ఉంటుంది, లేదా పేరు కలవదు. అప్పుడు బ్రౌజర్ తెర నిండా ఇంగ్లిష్‌లో హెచ్చరిక చూపిస్తుంది. ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అని దాని అర్థం. చాలామంది దాన్ని చదవకుండానే కింద ఉన్న లింకు నొక్కి ముందుకు వెళ్లిపోతారు. బడి సైట్ అయినా, బ్యాంకు సైట్ అయినా, ఆ హెచ్చరిక కనిపించిన చోట పాస్‌వర్డ్ కొట్టకూడదు. వెనక్కి వచ్చి, ఆ సంస్థ నంబరుకు మీరే ఫోన్ చేసి అడగాలి. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే ఫోన్ భాషను తెలుగుకు మార్చుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను: అర్థం కాని ఇంగ్లిష్ హెచ్చరిక కన్నా అర్థమయ్యే తెలుగు హెచ్చరిక వెయ్యి రెట్లు మేలు.

ప్రోగ్రాములు నేర్చుకుంటున్న పిల్లలకు ఈ మాట ఇంకా ముఖ్యం. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం సర్వర్‌తో మాట్లాడేటప్పుడు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతే, తనిఖీని ఆపేసే ఒక్క మాట చేర్చమని సలహా దొరుకుతుంది. చేర్చగానే ప్రోగ్రాం పనిచేస్తుంది, పిల్లవాడు సంబరపడతాడు. నిజానికి కాపలావాడిని ఇంటికి పంపేసి తలుపు తెరుచుకుందని సంతోషించడం అది. పైథాన్ కూడా 2014 చివరిదాకా ఈ తనిఖీని తనంతట తాను చేసేది కాదు. ఆ తర్వాతే తనిఖీ చేయడం మామూలు పద్ధతి అయింది. పెద్దవాళ్లు దిద్దుకున్న విషయాన్ని పిల్లలు మొదటి నుంచే సరిగా నేర్చుకోవచ్చు.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు కూడా మనుషులు నడిపేవే. 2014 జూలై 2న తమ వెబ్‌సైట్ల పేర్ల మీద తమకు తెలియకుండా జారీ అయిన సర్టిఫికెట్లను గూగుల్ ఇంజినీర్లు గుర్తించారు. అవి మన దేశంలోని నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ విభాగం నుంచి వచ్చాయి. సర్టిఫికెట్ సంస్థలను పర్యవేక్షించే మన ప్రభుత్వ కంట్రోలర్ మరుసటి రోజే ఆ విభాగం సర్టిఫికెట్లను రద్దు చేశారు. నమ్మకం మీద కూడా ఎప్పుడూ ఒక కన్ను ఉండాలని ఇది చెబుతోంది. అందుకే సర్టిఫికెట్ల గడువును కూడా తగ్గిస్తూ వస్తున్నారు. 2029 నాటికి 47 రోజులకు మించి ఏ సర్టిఫికెట్ చెల్లకూడదని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి నిర్ణయించాయి.

మన వైపు రుజువు

ఎదుటివాళ్ల రుజువు చూశాక మన రుజువు గట్టిగా ఉండాలి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌కు చెందిన కొన్ని వివరాలు బయటికి పొక్కాయి. బలహీనమైన, లేదా బయటపడిపోయిన పాస్‌వర్డే కారణమై ఉంటుందని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఆ కేసులో అరెస్టయినది 20 ఏళ్ల విద్యార్థి. ఈ ఒక్క సంఘటనలో తల్లిదండ్రులకు రెండు పాఠాలున్నాయి. బలహీనమైన పాస్‌వర్డ్ ఎంత పెద్ద వ్యవస్థనైనా ఇబ్బంది పెడుతుంది. తెలివైన పిల్లవాడికి హద్దు చెప్పకపోతే అతని భవిష్యత్తు ఇబ్బందిలో పడుతుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సీ సెక్షన్ ప్రకారం మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. స్నేహితుడి అకౌంట్ తెరిచి ఆట పట్టించడం సరదా కాదని ఎనిమిదో తరగతిలోపే పిల్లలకు తెలియాలి.

“మా బాబుకు మాకన్నా ఫోన్ బాగా తెలుసు మేడమ్” అని తల్లిదండ్రులు గర్వంగా చెబుతుంటారు. వేళ్లు వేగంగా కదలడం వేరు, ఎవరిని నమ్మాలో తెలియడం వేరు. ఆ రెండోది వయసుతో, పెద్దల మాటతో వచ్చేది. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పిల్లలను చదివి చెప్పనివ్వండి, యూపీఐ పిన్ మాత్రం మీరే కొట్టండి. పిన్ కొట్టే ముందు డబ్బు ఎవరికి వెళుతుందో తెరమీద పేరు వస్తుంది. ఆ పేరు పిల్లలతో పైకి చదివించండి. అదే వాళ్లకు మొదటి సర్టిఫికెట్ తనిఖీ. వాట్సాప్‌లో చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైళ్లను ఎవరు పంపినా తెరవవద్దని చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే పిల్లలను తిట్టే ముందు 1930కి ఫోన్ చేయండి. తిట్లకు భయపడి పిల్లలు దాచే ప్రతి నిమిషం మోసగాడికి లాభం.

బడులు చేయవలసినది

ఇంతా చెప్పి బడుల సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. మన బడితో సహా ఏ విద్యాసంస్థ అయినా తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకుంటోంది, పిల్లల వివరాలు దాచుకుంటోంది. మనమూ ఒక సర్వర్ లాంటివాళ్లమే. అడిగే ముందు మనమే రుజువు చూపాలి. ఫీజు లింకులు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. అధికారిక చిరునామా ఏదో డైరీ మొదటి పేజీలో అచ్చు వేయాలి. అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ కలిపి పాస్‌వర్డ్‌గా ఇచ్చే అలవాటు ఏ బడిలో ఉన్నా మానుకోవాలి, ఎందుకంటే ఆ రెండూ క్లాసులో సగం మందికి తెలుసు. పాస్‌వర్డ్ మరచిపోయామని చెబితే పాత పాస్‌వర్డ్‌నే తిరిగి పంపే పోర్టల్‌ను ఎవరూ ఒప్పుకోకూడదు. సరిగా కట్టిన సర్వర్ పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు దాచుకోదు, దాని నుంచి లెక్కగట్టిన ముద్రను మాత్రమే దాచుకుంటుంది. పాతది తిరిగి పంపగలిగిందంటే దాన్ని చదవగలిగేలా పెట్టుకుందన్నమాట.

ఈ ప్రశ్నలు తల్లిదండ్రుల సమావేశంలో మీరు మమ్మల్ని అడగండి. మార్కుల గురించి అడిగినంత గట్టిగా అడగండి. మీరు అడగడం పిల్లలు చూస్తారు. ఎంత పెద్ద సంస్థనైనా “ముందు మీరెవరో చెప్పండి” అని మర్యాదగా అడగవచ్చని వాళ్లు నేర్చుకునేది అక్కడే.