గ్రంథాలయములందు అద్భుత నవలాగోష్ఠులు నెలకొల్పవలెను



1816వ సంవత్సరపు వేసవిలో, అంతకు ముందేడు బ్రద్దలైన తంబోరా అగ్నిపర్వతపు ధూళి ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని మందగింపజేయగా, ఐరోపా ఖండమున చలియు వానయు విడువక బాధించుచుండ, జినీవా సరస్తీరమున ఒక మేడలో చిక్కువడిన కొందరు మిత్రులు ప్రొద్దుపుచ్చుటకై దయ్యముల కథలు పైకి చదువుకొని, తామును తలకొక కథ వ్రాయవలెనని పందెము వేసికొనిరి. ఆ కూటమిలో బైరన్ కవి కలడు, షెల్లీ కవి కలడు. కాని ఆ పందెమును లోకము మరువకుండ చేసినది పదునెనిమిదేండ్ల మేరీ. ఆమె వ్రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో వెలువడెను. సైన్సు ఫిక్షన్ వాఙ్మయమునకు అదియే ఆదిగ్రంథమని పలువురు విమర్శకుల తలంపు. నూరేండ్లకు పైగా గడచిన పిదప, ఆక్స్‌ఫర్డునందు టోల్కీన్ తన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను వ్రాయుచు, తన మిత్రుడగు రచయిత లూయిస్ గదిలో గురువారపు రాత్రులు చేరు స్నేహితులకు దానిని చదివి వినిపించి వారి అభిప్రాయములను వినెడివాడు.

నలుగురు కూడి వినుచు ఎదురుప్రశ్నలు వేయుచుండగా పెరిగిన ఈ వాఙ్మయమును మనము ఒంటరిగా చదివి అటకనెక్కించుచున్నాము. పెద్దలు పలువురు పిల్లల పుస్తకములని ముట్టుటయే మానిరి. కావున ప్రతి శాఖాగ్రంథాలయమునందును నెలకొక సైన్సు ఫిక్షన్ నవలనో, ఫాంటసీ నవలనో చదివి చర్చించు గోష్ఠిని నెలకొల్పవలెనని ఈ కరపత్రముఖమున కోరుచున్నాము.

ఈ నవలలే యేల? సాంఘిక నవలలోని లోకము మనకు తెలిసినదే గనుక పాత్రల మంచిచెడ్డలు విచారించినచో చర్చ చాలవరకు తీరును. ఇచ్చటనో రచయిత లోకధర్మములలో ఒకదానిని మార్చి, ఆ మార్పు వలన సమస్తమును ఎట్లు మారునో చూపును. అది సరియగునా కాదా యని తేల్చుట ఒక్కరి బుద్ధికి అలవికాదు. ఆంగ్ల రచయిత వెల్స్ 1895లో ప్రకటించిన ‘టైమ్ మెషీన్’నే తీసికొనుడు. అందలి కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరమునకు పోయి, పనిపాటలు లేక పండ్లు తిని ఆడుకొను ఎలోయీలను చూచి, కష్టములను జయించిన మానవజాతి సుఖమున మెత్తబడినదని మొదట నిశ్చయించును. పిమ్మట భూగర్భమున యంత్రములకడ బ్రతుకు మోర్లాకులు కంటబడగా, ధనికులును శ్రామికులును తరతరముల ఎడబాటుచే రెండు జాతులైరని తలచును. తుదకు ఆ క్రిందివారే పైవారిని పశువులవలె పోషించి భక్షించుచున్నారని గ్రహించి భీతిల్లును. కన్నులార చూచుచున్నవాడే ఇన్నిమార్లు తన సిద్ధాంతమును దిద్దుకొనిన ఈ కథను గోష్ఠిలో చదువునప్పుడు, మొదటి నిశ్చయము వద్ద పుస్తకము మూసి, సభ్యులకు తోచిన కారణములను వ్రాసికొని, ఆ పిమ్మటనే ముందుకు సాగవలెను. రైతు చెప్పు కారణమొకటి, మిల్లు కార్మికుడు చెప్పునది వేరొకటి, బడిపంతులు చెప్పునది ఇంకొకటి. ఇవి ఒకచోట చేరినప్పుడు కలుగు వివేకము ఏకాంతపఠనమున లభింపదు.

గోష్ఠికి తగిన వేరొక రచన, రచయిత్రి బేగం రొకయా వ్రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’, 1905లో మన చెన్నపట్టణపు ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’లోనే అచ్చయ్యెను. అందలి రాజ్యమున పురుషులు ఘోషాయందుందురు. స్త్రీలు విశ్వవిద్యాలయములను నడపి, మేఘములనుండి నీటిని గ్రహించి, కూడగట్టిన సూర్యతాపముతోనే శత్రుసేనను పారద్రోలుదురు. ఇది నవల కాదు, చిన్న కథ; ఒక్క సాయంకాలమున ముగియును. స్త్రీలు లేని గోష్ఠిలో దీనిని చదువుట వ్యర్థము గనుక, వారికి అనుకూలమగు వేళనే గోష్ఠి జరుగవలెను.

ఇట్టి అద్భుత కథలు పరదేశపు వింతలని కొందరందురు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే పిమ్మట లోకమున జరుగుట ఎరిగిన జాతికి, విశ్వనాథ ‘హాహాహూహూ’లో గంధర్వుని లండను నగరమున దింపగా చూచిన జాతికి, కాశీమజిలీ కథలతోను చందమామ ధారావాహికలతోను పెరిగిన జాతికి ఈ వాఙ్మయము పరాయిదెట్లగును? మన గ్రంథములు కొన్ని, అన్యభాషలవి కొన్ని, మార్చి మార్చి చదువుట మేలు.

ప్రతులు చాలవు, ఆంగ్లము అందరికి రాదు అనునది నిజమైన చిక్కు. పురాణకాలక్షేపమున ఒకరు పద్యము చదువగా వేరొకరు అర్థము చెప్పినట్లు, ఆంగ్లము వచ్చినవారు ముందుగా చదివి, గోష్ఠిలో తెనుగున కథ చెప్పి, ముఖ్యఘట్టములను అనువదించి వినిపింపవచ్చును. వెల్స్, మేరీ షెల్లీల రచనలకు మన దేశమున కాపీరైటు గడువు తీరినది గనుక, వానిని తెనిగించి ముద్రించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఏడాది పొడుగున గోష్ఠిలో చెప్పిన తెనుగును వ్రాసియుంచినచో అదియే చక్కని అనువాదమునకు పునాది యగును. ఒక్క నియమము మాత్రము ఖండితముగ పాటింపవలెను: నచ్చినది, నచ్చలేదు అను మాటతో ఎవ్వరును చర్చను ముగింపరాదు, రచయిత మార్చిన ధర్మమేదో చెప్పి, దాని ఫలితములు పొసగినవో లేదో చూపవలెను.

గ్రంథాలయ వారోత్సవము నవంబరు 14న ప్రారంభమగును. ఆలోగా మీ ఊరి గ్రంథపాలకుని కలిసికొని, కనీసము ఐదుగురి పేర్లు వ్రాసియిచ్చి, నెలకొక సాయంకాలమునకు గదియు దీపమును ఇప్పింపుమని అడుగుడు. తొలి నెలకు ‘టైమ్ మెషీన్’ చాలును.