22.4 అనే మంత్రం

ఇంటర్ కెమిస్ట్రీలో వాయువుల లెక్క అనగానే మన పిల్లలు కళ్ళు మూసుకుని 22.4తో గుణించేస్తారు. ఎందుకూ అంటే "ఒక మోల్ గ్యాసంటే అంతే కదా" అంటారు. ఎంత వేడిలో, ఎంత పీడనంలో అని అడగండి, దిక్కులు చూస్తారు. అది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గరి సంఖ్య. పైగా ఐయూపాక్ వాళ్ళు 1982లోనే ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌కి మార్చారు కాబట్టి ఆ లెక్కన అది 22.7. మన వంటింట్లో, 27 డిగ్రీల దగ్గరైతే 24.6 లీటర్లు. షరతులు రాయకుండా కోడ్‌లో ఇలాంటి అంకె పెడితే రివ్యూలో చీవాట్లు పడతాయి. పరీక్షలో మాత్రం మార్కులు పడతాయి!

నన్నడిగితే ఈ పాఠం గ్యాస్ బండతో మొదలెట్టాలి. 14.2 కేజీల బండలో ఉన్నదంతా బ్యూటేనే అనుకుందాం (ప్రొపేన్ కూడా ఉంటుంది లెండి, లెక్క సులువు కోసం). మోల్ 58 గ్రాములు. అంటే సుమారు 245 మోల్స్, బయటికొస్తే 6,000 లీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న వంటిల్లు దాదాపు 28,300 లీటర్లు. ఆ గాలిలో గ్యాస్ సుమారు 2 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. 2 శాతమంటే 566 లీటర్లు, 23 మోల్స్, 1.3 కేజీలు. బండలో పదో వంతు కూడా అక్కర్లేదన్నమాట.

అదీ గదంతా సమానంగా కలిస్తే. గాలి మోల్ బరువు 29 గ్రాములే, బ్యూటేన్ దానికి రెట్టింపు. అందుకే లీకైన గ్యాస్ నేలబారునే పేరుకుంటుంది, ఇంకా తక్కువ లీకేజీకే కింద ఆ 2 శాతం వచ్చేస్తుంది.