గుర్రం మారింది, కళ్లెం మారలేదు

బండికి వేగమే ప్రాణమని అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈ వ్యాసకర్త కూడా మొన్న మొన్నటిదాకా ఆ కోవలోని వాడే. కాని పాత బండికి కొత్త ఇంజను వేయించాలనుకునేవాడు ముందుగా ఆలోచించవలసింది పరుగు గురించి కాదు, ఆగడం గురించి. ఈ మాట పుస్తకం చూసి రాయడం లేదు. మా ఇంట్లో జరిగింది చూసి రాస్తున్నాను.

మాకొక పాత జీపుంది. విల్లీస్ కంపెనీ లైసెన్సు మీద మహీంద్రా వారు మన దేశంలో తయారుచేసిన సి.జె.3బి రకం. దానిలోని హరికేన్ పెట్రోలు ఇంజను 2.2 లీటర్లది, బలం 70 పైచిలుకు హార్సుపవరు. ఇంజను పొడుగు గనక బానెట్టు ఎత్తుగా ఉంటుంది, దూరాన్నించే ఆనవాలు పట్టవచ్చు. తాతయ్య రోజుల్లోనే వెనక సీట్లు తీసేసి తొట్టి కట్టించారు. అప్పట్నించీ అది మా ఊళ్ళో పికప్పు కిందే లెక్క. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్ళివచ్చేది. నాన్న దాన్ని 40 కిలోమీటర్లు దాటించేవాడు కాదు.

పెట్రోలు ఖర్చు భరించలేక పోయిన ఎండాకాలం ఇంజను మార్చాం. విప్పేసిన వేరే బండిలోని కొత్త తరహా టర్బో డీజిలు ఇంజను చవగ్గా దొరికింది. మేస్త్రీ పనివంతుడే. మౌంట్లు వెల్డింగు చేసి, గేర్‌బాక్సు కలిపి, పది రోజుల్లో బండిని పరుగెత్తించాడు. బ్రేకుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాలుగు చక్రాలకూ అవే పాత డ్రమ్ములు, బూస్టరు లేదు. కింద అవే కమాను కట్టలు.

బండి తెచ్చుకునేరోజు నాన్న నన్నడిగాడు. "ఏరా, సైన్సు చదువుతున్నావు గదా, ఏవంటావు? అంతా సరిగ్గానే ఉందా?"

"మేస్త్రీ గారికి తెలుసులే నాన్నా" అన్నాను.

మిత్రులారా, ఆ నెలలోనే నేను పరీక్షలో గతిశక్తి సూత్రం రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో హెచ్చించాలి. అంటే వేగం 40 నుంచి 80కి పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. ఆ శక్తంతా డ్రమ్ములో వేడిగా మారుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూకి దూరం జరుగుతుంది, లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

పదిహేను టిక్కీలతో కాలవ వంతెన దిగుతుండగా గేదెల మంద అడ్డం వచ్చింది. నాన్న బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు, పక్కకి లాగి పొలంలోకి దొర్లింది. నాన్న కుడిచెయ్యి విరిగింది. ఒక గేదె చచ్చిపోయింది. దాని ఖరీదు మేమే కట్టుకున్నాం. బీమా అడిగే మొహం కూడా మాకు లేదు. ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్నది మరొకటి.

ఆస్పత్రిలో నాన్న ఒక్క మాటే అన్నాడు. "లెక్క తెలిసినోడివి, నోరు తెరవొద్దంట్రా?"

కొందరు పెద్దలు పాతబండి జోలికే పోకూడదంటారు. ఇంకొందరు తుక్కు కింద అమ్మి కొత్తది కొనమంటారు. కొత్త పికప్పుకి అప్పు ఎవరిస్తారు, ఆ అప్పు ఎవరు తీరుస్తారు? మార్పు తప్పని నేననను. సగం మార్పు తప్పంటాను.

ఈ పని అభిరుచిగా చేసే అమెరికా వాళ్ళని చూడండి. 1967లో షెవర్లే సి10 పికప్పు మామూలుగా ఆరు సిలిండర్ల ఇంజనుతో, ఆనాటి లెక్కన 155 హార్సుపవరుతో వచ్చేది. దాన్ని తీసి 1999 తర్వాతి 5.3 లీటర్ల వి8 ఇంజను పెడతారు. దాని బలం తొలినాళ్ళలోనే 270. కాని ఆ పికప్పుకి 1970 దాకా ముందు చక్రాలకీ డ్రమ్ములే, 1971లో గాని డిస్కు బ్రేకులు రాలేదు. అందుకే తెలిసినవాళ్ళు ఇంజను కన్న ముందు బ్రేకులు మారుస్తారు. పాత ఫోర్డు ఎఫ్100కి కొందరు 2003 తర్వాతి క్రౌన్ విక్టోరియా కారు ముందుభాగం మొత్తం అమరుస్తారు. సస్పెన్షను, స్టీరింగు, డిస్కు బ్రేకులు ఒక్క ముక్కగా వస్తాయి. మనం నేర్చుకోవలసింది ఆ ఒక్క ముక్క సంగతే. అయితే కారు సస్పెన్షను బస్తాలు మోసే మన బండికి పనికిరాదు. మనకి కమాను కట్టలే ఉండాలి, కాని బరువుకి తగినవి, అరగని బుష్షులతో, మంచి షాకబ్జార్బర్లతో ఉండాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఇంధనం మార్చే కిట్లకి మాత్రం షరతులతో వెసులుబాటుంది. ఆ నిషేధం వెనకున్న భయం సబబైనదేనని మా నాన్న చెయ్యే సాక్ష్యం. కాని వద్దన్నంత మాత్రాన పల్లెల్లో ఈ పని ఆగదు, చాటుగా సాగుతుంది. బ్రేకులతో సహా మొత్తం మార్చి, బరువేసి ఆపి చూపించిన రైతుకి తనిఖీ చేసి అనుమతిచ్చే దారి ఒకటి ఉండాలని నా అభిప్రాయం.

చివరగా అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ ఒక మనవి. మేస్త్రీకి చేతులున్నాయి, మాకు సూత్రాలున్నాయి. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. నెలకొక శనివారం పట్టణంలోని మెకానిక్కులని మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకి పిలవండి. బ్రేకు డ్రమ్ము ముందు పెట్టి లెక్క చేయించండి. మేం వాళ్ళకి చెబుతాం, వాళ్ళు మాకు చెబుతారు.

నాన్న చెయ్యి అతికింది. బండి ఇంకా షెడ్డులోనే ఉంది. ఈసారి ముందు బ్రేకులు, తర్వాత కమాన్లు, స్టీరింగు. అవన్నీ అయ్యాక, అనుమతి దొరికితేనే ఇంజను. మేస్త్రీ దగ్గర ఈసారి మాట్లాడేది నేనే.

— ఒక తృతీయ సంవత్సర బి.యస్సీ. విద్యార్థి