‘వద్దు’ అనే మీట ఎక్కడ?

సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక ఉదయం, మా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరను గూర్చి నాలుగు మాటలు వ్రాద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. నేను కీబోర్డు చూస్తూ టైపు చేసేవాణ్ణి. రథం కదిలే ఘట్టం ముగించి, పేరా మార్చడానికి తల ఎత్తకుండానే ఎంటరు నొక్కాను. తల ఎత్తేసరికి రథమూ లేదు, జాతరా లేదు. డబ్బు కట్టవలసిన పుట ఒకటి తెరుచుకొని ఉన్నది. ఈలోగా తెర మీదికి ఒక ఎర్రని కిటికీ ఊడిపడిందట. నా ఎంటరును అది తన అంగీకారంగా తీసుకున్నది!

అది వైరసుల నుండి కాపాడడానికి నేను డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరు. గడువు అప్పటికింకా 42 రోజులున్నది. ఆనాటి నుండి ప్రతిదినమూ అదే కిటికీ. తెలుగులో చెప్పుకుంటే, అందులోని మీటలు రెండే: ‘ఇప్పుడే పునరుద్ధరించు’, ‘తరువాత గుర్తుచేయి’. ‘వద్దు’ లేదు. మూలనున్న గుణకారపు గుర్తు నొక్కితే, ‘రక్షణ లేకుండా ఉండడానికే నిశ్చయించుకున్నారా?’ అని ఎదురుప్రశ్న.

రుసుము అడగడం తప్పని నేననను. వైరసులు నానాటికీ కొత్తవి పుడతాయి. వాటి ఆనవాళ్ళు పట్టేవారికి జీతాలివ్వాలి. గడువు మరచిపోయేవారికి ఒక మాట చెప్పడం మర్యాదే. ఒకమారు చెబితే అది జ్ఞాపకం. పదాన్ని రెండుమార్లు పలికితే రెండవదానిని ఆమ్రేడితం అంటాము. 42 మార్లు పలికితే ఏమనాలో వ్యాకరణం చెప్పలేదు గాని, ప్రభుత్వం చెప్పింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ పేర 13 పద్ధతులను పేర్కొని నిషేధించింది. పనికి అడ్డుపడుతూ పదేపదే అడగడం అందులో ఒకటి. లేని తొందర పుట్టించడం ఒకటి. కాదన్నవాడు జంకేటట్లు మాటలు కూర్చడం మరొకటి. నా కిటికీలో మూడూ ఉన్నాయి.

పైగా ఆ భయం నిజమైనదీ కాదు. విండోసుతోనే డిఫెండరు అనే కావలివాడు వస్తాడు. కొన్న సాఫ్ట్‌వేరును తీసివేస్తే అతడే కాపలాకు దిగుతాడు. ఈ సంగతి ఆ కిటికీ చెప్పదు.

‘మూసివేస్తే పోయేదానికి ఇంత రభస ఎందుకు?’ అని కొందరనవచ్చు. మీరు మూసివేస్తారు. నా ఈడువారిలో ఎర్రరంగు చూడగానే యంత్రం చెడిపోయిందని బెదరి కట్టేవారున్నారు. ఇటువంటి కిటికీలనే అనుకరించి దొంగలు కూడా డబ్బు గుంజుతున్నారు. అసలువాడూ దొంగా ఒకే గొంతుతో అరుస్తుంటే ముసలివాడు ఎవరిని నమ్మాలి? భయపడగానే డబ్బు కట్టడం అలవాటు చేసిన పాపంలో అసలువాడికీ పాలున్నది.

మర్యాదగా అడిగే పద్ధతి తెలియక కాదు. 2021 అక్టోబరు 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, కార్డు నుండి నెలనెలా, ఏటేటా తానుగా సొమ్ము తీసుకునేవారు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. వద్దనుకునేవారికి దారి కూడా చూపాలి. మా పక్కనున్న ఆదోని పత్తి యార్డులో, వేలంలో పలికిన ధర నచ్చకపోతే ఇవ్వనని చెప్పే హక్కు రైతుకున్నది. బాకీ వసూలుకు వచ్చినవాడు సైతం, భోజనం చేస్తున్నామంటే అరుగు మీద కూర్చుంటాడు. విస్తరిలో చేయి పెట్టడు. నేనా, బాకీ కూడా లేను!

నేను కోరేది స్వల్పం. గడువుకు నెల ముందు ఒకమారు, వారం ముందు ఒకమారు చెప్పండి. వ్రాస్తున్నవాడి చేతికి అడ్డురాకండి. ‘వద్దు’ అనే మీట పెట్టండి; అది నొక్కిన తరువాత మళ్ళీ అడగకండి.

నా గడువు ముగిసింది. నేను పునరుద్ధరించలేదు. ధర ఎక్కువై కాదు, మరియాద తక్కువై. జాతర వ్యాసం ఇంకా రథం దగ్గరే ఆగి ఉన్నది. ఇక దానిని పూర్తిచేయాలి.